ఫార్మాట్ కంటే ముందు తేదీ చూడండి

ప్రశ్న: అనంతపురంలో టవర్ క్లాక్ సమీపంలో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. ఏడేళ్ల నాటి డెస్క్‌టాప్‌లో విండోస్ 10 వాడుతున్నాను. దసరాకు నాలుగు రోజులు దుకాణం మూసి, మెయిన్ స్విచ్ ఆపి ఊరికి వెళ్లాను. తిరిగి వచ్చి ఆన్ చేస్తే విండోస్ గుర్తు కింద చుక్కలు కాసేపు తిరిగి, నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్’ అని వచ్చి, మళ్లీ మొదటికి వెళ్లిపోతోంది. రిపేరు చేసే అబ్బాయి ఫార్మాట్ కొట్టక తప్పదంటున్నాడు. బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రాములో) తేదీ 2018 అని చూపిస్తోందట. స్కాన్ చేసిన సర్టిఫికెట్లన్నీ సి డ్రైవ్‌లోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు చివర్లో మామూలుగా చెప్పిన తేదీ సంగతే అసలు ఆధారం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడుపుతుంది. చాలా బోర్డులలో బయోస్ సెట్టింగులను నిలిపి ఉంచేదీ అదే. కొత్తదైతే 3 వోల్టులు ఇస్తుంది. అది నీరసించినా, గోడ స్విచ్ వేసి ఉన్నంత కాలం లోపం బయటపడదు. మీరు నాలుగు రోజులు మెయిన్ ఆపడంతో సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోయి ఉంటాయి. డిస్కుతో బోర్డు మాట్లాడే పద్ధతిని నిర్ణయించే ‘సాటా మోడ్’ కూడా వాటిలో ఒకటి. విండోస్ ఎక్కించిన రోజున అది రెయిడ్ అనే పద్ధతిలో ఉండి, ఇప్పుడు ఏహెచ్‌సీఐ అనే మరో పద్ధతికి మారితే (లేదా దీనికి తారుమారుగా జరిగితే), డిస్కు చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని చదవవలసిన డ్రైవర్ ప్రోగ్రాము మొదలుకాక విండోస్ సరిగ్గా ఈ సందేశంతోనే కూలిపోతుంది.

కాబట్టి పవర్ కార్డు పూర్తిగా ఊడదీసి, బ్యాటరీ మార్చి, ఆన్ చేయగానే కీబోర్డు మీద డిలీట్ (డెల్) లేదా ఎఫ్2 మీట నొక్కి బయోస్ తెరవండి. డిస్కు పేరు అక్కడ కనబడకపోతే ముందుగా కేబుళ్లు చూడాలి. కనబడితే తేదీ సరిచేసి, సాటా మోడ్ ఇప్పుడు ఎలా ఉందో కాగితం మీద రాసుకుని, రెండో దానికి మార్చి చూడండి. ఒకేసారి రెండు మూడు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. డిస్కుకు తాళం వేసే విండోస్ రక్షణ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఈ మార్పు తరువాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు కనుక దాన్ని ముందే దగ్గర పెట్టుకోండి.

అప్పటికీ లేవకపోతే, చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టి ఆపడం రెండు మూడు సార్లు చేస్తే రికవరీ తెర వస్తుంది. అందులో ఇటీవలి అప్‌డేట్ తొలగించవచ్చు, స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి, అత్యవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌కు వెళ్లవచ్చు. 2024 జూలై 19న ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మొరాయించినప్పుడు, ఎన్నో చోట్ల సేఫ్ మోడ్‌లో ఆ లోపమున్న ఫైలు తీసివేసి వాటిని లేపారు. ఫార్మాట్ కొట్టవలసిన పని పడలేదు. రిపేరు షాపుల్లో ఫార్మాట్ మాట తొందరగా వినిపించడానికి అది సులువైన పని కావడం ఒక కారణం కావచ్చు.

డిస్కు నుంచి టిక్కుటిక్కుమని శబ్దం వస్తుంటే మాత్రం పై ప్రయత్నాలేవీ చేయకండి, డిస్కులో లోపాలు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ అసలే నడపకండి. దాన్ని ఊడదీసి, వేరే కంప్యూటరుకు తగిలించి సర్టిఫికెట్లు కాపీ చేయించుకున్న తరువాతే మరమ్మతు మాట.