మే నెలలో లోన్‌సమ్ లేక్‌కి వెళ్లవచ్చా?

ప్రశ్న: మే చివర్లో బోస్టన్‌లోని మా అమ్మాయి దగ్గరికి వెళుతున్నాం. న్యూ హాంప్‌షైర్ కొండల్లో ఒక్క పూటలో ఎక్కి దిగే దారి ఉందా? నాకు 61 ఏళ్లు, తిరుమల మెట్లు ఇప్పటికీ ఎక్కుతాను.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మెట్లెక్కే మోకాళ్లకు ఫ్రాంకోనియా నాచ్ అనే కొండ కనుమలోని లోన్‌సమ్ లేక్ అనే సరస్సు అందుతుందమ్మా. రానూపోనూ సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కవలసింది దాదాపు 300 మీటర్లు. అయితే తిరుమలలోలా చెక్కిన మెట్లుండవు. అన్నీ చెట్ల వేళ్లు, తడి రాళ్లు. దిగేటప్పుడే జాగ్రత్త, చేతికర్ర తప్పనిసరి. చెప్పులతో వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! పైన సరస్సు ఒడ్డున బురద మీద చెక్క పలకలు పరిచి ఉంటాయి. అవతలి గట్టుకు వెళితే నీళ్లకు ఎదురుగా లాఫయెట్ శిఖరం కనిపిస్తుంది.

చిక్కల్లా మే చివర. అప్పుడే అక్కడ నల్ల ఈగలు విజృంభిస్తాయి. పారే నీళ్లలో పుట్టి, చెవుల వెనక, జుట్టు మొదళ్లలో రక్తం వచ్చేలా కుడతాయి. ముదురు రంగు బట్టలంటే వాటికి ప్రీతి. లేత రంగు పొడుగు చేతులవి, తలకు వల వేసుకోండి. వీలైతే జూలై దాకా ఆగండి.