జులై 4కి అంత మహత్తు ఉందా?

ప్రశ్న: అల్లూరి సీతారామరాజు జయంతి, పింగళి వెంకయ్య వర్ధంతి, వివేకానందుడి నిర్యాణం, అమెరికా స్వాతంత్ర్య దినం అన్నీ జులై 4నే ఎలా వచ్చాయండీ? ఆ తేదీలో ఏదో మహత్తు ఉందని మా ఇంట్లో అంటారు. నిజమేనా?
ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మహత్తు ఏమీ లేదమ్మా. ఏడాదికి ఉన్నవి 366 తేదీలు, చరిత్రలో పెద్ద సంఘటనలు వేలల్లో, అందుకే ఏ తేదీ తీసినా నాలుగైదు దొరుకుతాయి. ఒక గదిలో 23 మంది ఉంటే చాలు, ఎవరో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటేస్తుంది.

అలాగని ఆశ్చర్యపడొద్దనడం లేదు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన 1776 జులై 4న ఆమోదం పొందింది. అది రాసింది థామస్ జెఫర్సన్, దానికోసం సభలో గట్టిగా వాదించింది జాన్ ఆడమ్స్. ఇద్దరూ తర్వాత అధ్యక్షులయ్యారు, రాజకీయంగా చెడి ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఉండి, ముసలితనంలో మళ్లీ ఉత్తరాలు రాసుకున్నారు. సరిగ్గా 50 ఏళ్లకు, 1826 జులై 4న, ఇద్దరూ పోయారు! జెఫర్సన్ మధ్యాహ్నం వర్జీనియాలో, ఆడమ్స్ సాయంత్రం మసాచుసెట్స్‌లో. జెఫర్సన్ ఇంకా బతికే ఉన్నాడని ఆడమ్స్ చివరగా అన్నట్టు చెబుతారు, అప్పటికే ఆయన పోయి కొన్ని గంటలైంది గానీ ఆ రోజుల్లో కబురు అంత త్వరగా ఎలా చేరుతుంది? 1831లో మరో మాజీ అధ్యక్షుడు జేమ్స్ మన్రో కూడా అదే తేదీన పోయాడు.

వివేకానందుడికైతే ఈ తేదీతో ముందే ముడి ఉంది. 1898 జులై 4న కాశ్మీర్‌లో అమెరికన్ శిష్యులతో కలిసి వాళ్ల పండగ జరిపి, దాని మీద ఇంగ్లీషులో కవిత కూడా రాశారు. 1902లో అదే తేదీ రాత్రి, బేలూరు మఠంలో, 39 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఇక మనవాళ్లు. అల్లూరి 1897లో పాండ్రంగిలో పుట్టారు. 125వ జయంతికి 2022లో భీమవరంలో పెట్టిన 30 అడుగుల విగ్రహం మీకు దగ్గరే కాబట్టి చూసే ఉంటారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి జెండా నమూనా అందించిన పింగళి 1963లో అదే తేదీన కన్నుమూశారు, కానీ జయంతి హడావిడిలో ఆయన వర్ధంతి ఏటా మరుగున పడిపోతోంది, అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఈసారి మీ పిల్లలకు అల్లూరి మీద స్పీచ్ రాసిచ్చేటప్పుడు పింగళి గురించి రెండు వాక్యాలైనా కలపండి.