ఎక్స్-మెన్ పాత కామిక్స్‌ను మొదటి సంచిక నుంచి వరుసగా చదవాలా?

అక్కర్లేదు. 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ మొదలుపెట్టిన సంచికల్లో సైక్లాప్స్, జీన్ గ్రే, బీస్ట్, ఏంజెల్, ఐస్‌మ్యాన్ అనే, అతీత శక్తులున్న అయిదుగురు టీనేజర్లే ఎక్స్-మెన్ జట్టు. వాళ్ల ప్రధాన శత్రువు మాగ్నిటో మొదటి సంచికలోనే వస్తాడు, వాళ్లలాంటి వాళ్లను వేటాడే రోబోలు సెంటినెల్స్ 14లో. ఆ రెండూ చూసి, నీల్ ఆడమ్స్ బొమ్మలు మొదలయ్యే 56కి వెళ్లిపోవచ్చు. మధ్యలో చాలా కథలు నీరసంగానే ఉంటాయి. 66 తర్వాత కొత్త కథలే లేవు. 67 నుంచి 93 దాకా పాతవాటినే మళ్లీ అచ్చేశారు, కాబట్టి ఆ నంబర్ల కోసం టెన్షన్ పడకండి.

అసలు రుచి 1975లో వచ్చిన 'జెయింట్ సైజ్ ఎక్స్-మెన్' నుంచి. స్టార్మ్, నైట్‌క్రాలర్, కొలోసస్ అనే కొత్త సభ్యులు అక్కడే పుట్టారు. 94వ సంచిక నుంచి క్రిస్ క్లేర్‌మాంట్ రచన. ఇక్కడ మాత్రం ఒక్కటీ వదలొద్దు. ఆయన ఒక సంచికలో విత్తు వేసి, ఎన్నో నెలల తర్వాత కోస్తాడు. జీన్ 101లో అపారమైన శక్తి వచ్చి ఫీనిక్స్ అవుతుంది, 137లో చనిపోతుంది. ఆ రెంటి మధ్యా ఆమె కొద్దికొద్దిగా మారడం చూడకుండా చివరి భాగం ఒక్కటే సంకలనంలో చదివితే, అది ఉత్త అంతరిక్ష యుద్ధంలా అనిపిస్తుంది. జాన్ బర్న్ బొమ్మలు 108 నుంచి 143 దాకా. నా లెక్కలో ఈ సిరీస్‌కు శిఖరం అదే.

ఒక ఇబ్బంది ఉంది: ప్రతి సంచికలో ఎవరి శక్తి ఏమిటో పాత్రలే మళ్లీ వల్లిస్తాయి. నెలకొకటి కొనేవాళ్ల కోసం రాసినవి కదా! రోజుకు రెండు మూడు మించకుండా చదవండి, విసుగు రాదు.