విండోస్ 11: అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ కొట్టాలా?

మీ చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు సిస్టమ్‌ది ఎనిమిదో తరం ఐ3, అందులో ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), అను ఫాంట్లు (తెలుగు టైపింగ్‌కి), సిగ్నేచర్ టోకెన్ (డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ) ఉన్నాయని, విండోస్ 10 మీదే 11కి అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాలా అని అడిగారు. విండోస్ 10 బాగా నడుస్తుంటే అప్‌గ్రేడే చేయండి. ఇప్పటికే రోజూ హ్యాంగవుతుంటే మాత్రం వద్దు, ఆ జబ్బు కూడా 11లోకి వస్తుంది.

ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ 0 ప్రాపర్టీస్ తెరిచి, పార్టిషన్ స్టైల్ (డిస్కును భాగాలుగా విడగొట్టిన పద్ధతి) చూడండి. కొత్త పద్ధతి జీపీటీ అయితే చింత లేదు. పాత పద్ధతి ఎంబీఆర్ అయితే జీపీటీకి మార్చాలి, ఎందుకంటే 11కి యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) కావాలి, అది విండోస్‌ను జీపీటీ డిస్కు నుంచే బూట్ చేస్తుంది. డేటా పోకుండా మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ టూల్ విండోస్‌లోనే ఉంది. కానీ మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో డీ, ఈ డ్రైవ్‌లను లాజికల్ పార్టిషన్లుగా (ఒక పెద్ద పార్టిషన్ లోపలి భాగాలుగా) చేసి పెడుతుంటారు. అవి ఉంటే ఆ టూల్ మార్చకుండా, మొదటి తనిఖీ (వ్యాలిడేషన్) దగ్గరే ఆగిపోతుంది. 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం లేదని చూపిస్తే బయోస్‌లో ఇంటెల్ పీటీటీ (ప్రాసెసర్‌లోనే ఉండే టీపీఎం) ఆన్ చేయండి, చాలు.

ఎంబీఆర్ మార్చడం దగ్గర చిక్కుకుంటే పాత డిస్కును ఫార్మాట్ చేయకండి. 256 జీబీ ఎస్ఎస్‌డీ కొనండి. బయోస్‌లో సీఎస్ఎం (పాత తరహా బూట్) ఆపి, పాత డిస్కు సాటా కేబుల్ పీకేసి, 11 ఇన్‌స్టాలర్ ఉన్న 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో కొత్తదాని మీద విండోస్ వేయండి. రెండూ తగిలించి ఉంచితే బూట్ ఫైళ్లు పాతదాని మీద పడొచ్చు, తర్వాత అది తీసేస్తే సిస్టమ్ లేవదు. కీ అడిగితే 'నా దగ్గర కీ లేదు' నొక్కి, పాత విండోస్ ఎడిషన్‌నే (హోమ్ లేదా ప్రో) ఎంచుకోండి. పాతది యాక్టివేట్ అయి ఉంటే నెట్ రాగానే ఇదీ అవుతుంది.

ఇలా కొత్త డిస్కు మీద వేయడానికి ముందే, పాత విండోస్‌లో ఉండగానే ట్యాలీ లైసెన్స్ సరెండర్ (ఈ సిస్టమ్ నుంచి వదిలేయడం) చేయాలి. డేటా బ్యాకప్ వేరు, ఇది వేరు. డేటా పాత్ ట్యాలీలోనే చూసుకోండి. చాలాసార్లు అది సీ డ్రైవ్ పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది, డీ డ్రైవ్ కాపీ చేసి అయిపోయిందనుకుంటారు! అను ఇన్‌స్టాలర్ చేతిలో ఉందో లేదో చూసుకోండి. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు కనిపించే ప్రమాణం) ఫాంట్లు కావు కాబట్టి, లేకపోతే పాత తెలుగు లెటర్లన్నీ పిచ్చి గుర్తులుగా కనిపిస్తాయి.

అప్‌గ్రేడ్ అయితే సీ డ్రైవ్‌లో 25 జీబీ ఖాళీ, యూపీఎస్ ఉండేలా చూడండి. నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్, రికవరీలో గో బ్యాక్ కొట్టొచ్చు. పాత విండోస్ ఫైళ్లుండే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌ను క్లీనప్‌లో తీసేస్తే ఆ దారి ఉండదు. కాబట్టి ఆ లోపే ప్రింటరు, టోకెన్‌తో సంతకం, పాత అను ఫైలు ఒకటి, మూడూ పరీక్షించండి.