కొండవీటి కథ మీద పాఠకుల పేచీ

మన పత్రికలో ఇరవై ఆరు వారాలు సాగిన కొండవీటి ధారావాహిక ముగిసి నెల కావస్తున్నా దాని మీద ఉత్తరాలు మాత్రం ఆగడం లేదు. మధ్యలో చదవడం మానినవారి కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. కుమారగిరి రెడ్డి కొండవీటిని ఏలిన కాలం (1386–1402) చివరి ఏళ్లలో, రాజుగారి వసంతోత్సవాలకు పరిమళ ద్రవ్యాలు సమకూర్చే అవచి తిప్పయ్య సెట్టి భాండాగారంలో కస్తూరి నూరే ముసలాయన ఉంటాడు. ఆయన కూతురే నాయిక. మోటుపల్లి రేవులో దిగిన గుర్రాలను కొండవీటికి తోలుకొచ్చి మచ్చిక చేసే రౌతు నాయకుడు. పెదకోమటి వేమారెడ్డి కొండవీటి గద్దె ఎక్కాక రౌతు కుమారగిరి మంత్రి కాటయవేముని వెంట రాజమహేంద్రవరం వెళ్లిపోతాడు, ఆమె వెళ్లదు. ఈ కథను నెత్తిన పెట్టుకున్నవారూ ఉన్నారు, రచయిత్రిని నిలదీసినవారూ ఉన్నారు. అన్ని ఉత్తరాలకూ చోటు చాలదు కనుక ఒకదానితో ఒకటి పొసగని వాటినే ఏరి, పేర్లు తీసేసి, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (గుంటూరు): నేను మిర్చి యార్డులో గుమాస్తాను. నాలుగో వారంలో నాయిక ఎండుమిరపకాయలు రోట్లో వేసి దంచుతూ తుమ్ముతుంది. మా అబ్బాయి బడి పుస్తకంలో వాస్కో డ గామా 1498లో కాలికట్ చేరాడని ఉంది. మిరపకాయ తెచ్చింది పోర్చుగీసువాళ్లే అయితే, దానికి వందేళ్ల ముందు కొండవీట్లో ఈ అమ్మాయి చేతికి అది ఎలా వచ్చింది? ఇటువంటి దాన్ని చారిత్రక నవల అనవచ్చా?

జవాబు: అయ్యా, తప్పు దొరికింది. దొరికింది కూడా గుంటూరు మిర్చి యార్డు మనిషికి కనుక తప్పించుకునే దారి లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క. పేరులో మిరియం పోలిక ఉన్నంత మాత్రాన అది మన పాతకాలపు పంట కాదు. అప్పటి వంటలో కారమంటే మిరియం, పిప్పలి, అల్లం, ఆవాలు. రోట్లో నాలుగు మిరియాలు దంచించి ఉంటే నాయిక తుమ్ముకూ లోటు వచ్చేది కాదు, మా పరువూ దక్కేది. రాతప్రతి అచ్చుకు వెళ్లేముందు నా బల్ల మీదుగానే వెళ్లింది కనుక రచయిత్రి ఒక్కరినే తప్పుపట్టలేను. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి మిరపకాయ లేని వంటిల్లు ఊహకు రాదు, నాకూ రాలేదు.

అయితే ఇదే నవలలో భాండాగారం ఎంత జాగ్రత్తగా రాశారో కూడా చూడండి. పంజారం నుంచి కర్పూరం, గోవ నుంచి జవ్వాది, భోట దేశం (టిబెట్) నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టుబట్టలు వచ్చినట్టు ఆమె రాసినది కల్పన కాదు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ తిప్పయ్య సెట్టికే, ఆ కావ్యంలోనే ఈ జాబితా ఉంది. అంటే కొట్టులోని సరుకు కావ్యం చూసి రాశారు, వంటింట్లోని సరుకు తమ ఇంట్లో చూసి రాశారు. ఇందులో కొంత తప్పు చరిత్రది కూడా అనిపిస్తుంది. రాజు ఒంటికి ఏం పూసుకున్నాడో పద్యాల్లో దొరుకుతుంది కానీ, ఆ కస్తూరి నూరినవాడు రాత్రికి ఏం తిన్నాడో రాసిపెట్టినవారు అరుదు. పల్నాటి జొన్నకూటిని తిట్టిపోస్తూ శ్రీనాథుడి పేర వాడుకలో ఉన్న చాటువుల లాంటివి ఒకటో రెండో ఆధారం.

మీ రెండో ప్రశ్నకు సూటిగా చెప్తాను. మిరపకాయ తీసి మిరియం పెడితే ఈ కథ ఒక్క అంగుళం కూడా కదలదు, కనుక దీన్ని నవల ప్రాణం తీసే తప్పుగా నేను లెక్కించను. అంతకంటే పెద్ద తప్పు ఇరవై నాలుగో వారంలో ఉంది, దాని సంగతి చివర్లో వస్తుంది.

ప్రశ్న (ఫిరంగిపురం): మా ఊరు కొండవీటి కొండకు ఆనుకునే ఉంటుంది. కొండ సీతాఫలాలు ఎంత తీపో చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. నవలలో చెరువులున్నాయి, బురుజులున్నాయి, ఒక్క సీతాఫలం చెట్టు కూడా లేదు. రచయిత్రి అసలు కొండ ఎక్కారా?

జవాబు: అమ్మా, ఈసారి రచయిత్రిదే పైచేయి. సీతాఫలం కూడా మిరప వచ్చిన దిక్కు నుంచే వచ్చిందని వృక్షశాస్త్రం చెప్తుంది. పేరులో సీతమ్మవారు ఉన్నారని మనం పురాణకాలం నాటిదనుకుంటాం. జామ, బొప్పాయి, వేరుశనగ, పొగాకు అన్నీ ఆ వరసలోవే. ఇవన్నీ తీసేశాక మన జిల్లాలో ఏం మిగులుతుందని అడగకండి.

ప్రశ్న (విజయవాడ, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు): ఏడో వారంలో శ్రీనాథుణ్ణి కుమారగిరి కొలువులో విద్యాధికారిగా కూర్చోబెట్టారు. ఆ పదవి పెదకోమటి వేముని కాలంలోది కాదా? ఇంతకన్నా ఘోరం పదిహేడో వారంలో ఉంది. తండ్రి అడుగుల చప్పుడు విని నాయిక "రెండు గడియలు ఊపిరి బిగబట్టింది" అన్నారు. గడియ అంటే ఎంతసేపో మీ కార్యాలయంలో ఎవరికైనా తెలుసునా?

జవాబు: మాస్టారూ, శ్రీనాథుడి విషయంలో మీ మాటే నిజం. ఆ ప్రకరణాన్ని ఆరేడేళ్లు వెనక్కి జరిపేశారు. కథకు అక్కడ కావలసింది ఒక కవి మాత్రమే కనుక, పేరు చెప్పకుండా ఒక ఆస్థాన కవి అని వదిలేస్తే సరిపోయేది.

రెండోది నా కలం చేసిన పని, దాచను. రాతప్రతిలో "రెండు నిమిషాలు" అని ఉంది. ఆ కాలంలో నిమిషాలేమిటని నేనే కొట్టేసి "గడియలు" అని దిద్దాను. గడియకు ఇరవై నాలుగు నిమిషాలు, రెండు గడియలంటే నలభై ఎనిమిది. పాపం ఆ పిల్ల ముప్పావుగంటకు పైగా తలుపు చాటున ఊపిరి తీసుకోకుండా నిలబడింది. పాత మాట పెట్టినంత మాత్రాన పాతకాలం రాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పుస్తకంగా వచ్చేటప్పుడు "క్షణకాలం" అని మార్చమని కోరాను.

ప్రశ్న (తెనాలి): రాజుగారు "దర్బారు" చేస్తాడు, సేనాని "హుకుం" అంటాడు. కొండవీటి రెడ్డిరాజుల నోట ఈ మాటలు వింటే పంటికింద రాయిలా ఉంది. గ్రాంథికంలో రాసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు కదా?

జవాబు: గ్రాంథికం అన్నిటికీ మందు కాదు. సంభాషణలు అర్థం కావడం లేదని ఏలూరు రోడ్డు నుంచి ఒకరు మొదటి మూడు వారాలూ వరసగా రాశారు, అప్పటి నుంచే రచయిత్రి భాష సడలించారు. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ మనకు మిగిలినది ఆ కాలపు రాత భాష. గుర్రాలు తోలేవాడు దారిలో ఎలా మాట్లాడాడో అందులో దొరకదు. రచయిత తన గొంతుతో కథ చెప్పేటప్పుడు ఇప్పటి మాట వాడుకోవచ్చునని, పాత్ర నోట పెట్టేటప్పుడు మాత్రం ఆచితూచి వాడాలని నా అభిప్రాయం. "కొలువు" అన్న చక్కటి మాట చేతిలో ఉండగా "దర్బారు" దేనికి? "ఆన" ఉండగా "హుకుం" దేనికి? ఈ మేరకు మీతో ఏకీభవిస్తాను.

ప్రశ్న (మంగళగిరి, డిగ్రీ విద్యార్థిని): పదకొండో వారంలో చెరువు గట్టు మీద నాయకుడు దారికి అడ్డం నిలబడి నాయిక కొంగు పట్టుకుంటాడు. ఆమె కోపగించుకుంటుంది, తరువాతి వారానికే ప్రేమిస్తుంది. మా కాలేజీ గేటు దగ్గర ఎవరైనా ఇలా చేస్తే మేం పోలీసులకు చెప్తాం. ఆరువందల ఏళ్ల కిందటిది అయితే ప్రేమ అయిపోతుందా?

ఇదే ఘట్టం మీద విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దావిడ ఇలా రాశారు: ఆ సరసం ఎంత ముచ్చటగా ఉందో! ఈ కాలం పిల్లలకు అన్నీ తప్పులుగానే కనిపిస్తాయి. కథను కథగా చదవమనండి.

జవాబు: ఈ ఇద్దరి ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని ఆ పదకొండో వారం మళ్లీ చదివాను, దాని ముందరి వారాలు కూడా చదివాను. ఆరువందల ఏళ్ల కిందట ఇలాగే ఉండేదన్న వాదన ఎవరూ నిరూపించలేరు, కాదన్నదీ నిరూపించలేరు. కనుక కాలాన్ని పక్కన పెట్టి ఆ రౌతునే చూద్దాం. తొమ్మిదో వారంలో మోటుపల్లి నుంచి వచ్చిన తెల్లగుర్రం బెదిరి మూలకు చేరుతుంది. తక్కిన రౌతులు పగ్గం పట్టి గుంజబోతే ఇతను వాళ్లను ఆపి, అరచేతిలో గుప్పెడు ఉలవలు పోసుకుని, గుర్రానికి ఎదురుగా కాక పక్కకు తిరిగి నేల మీద కూర్చుంటాడు. పొద్దు వాలేదాకా అలాగే ఉంటాడు. చివరికి గుర్రమే వచ్చి అతని చెయ్యి వాసన చూస్తుంది. నవల మొత్తం మీద నాకు బాగా నచ్చిన పుట ఇది. అంత ఓపికగలవాడు, భయపడ్డ ప్రాణిని తాకడానికి దాని అనుమతి కోసం పూటంతా కాచుకున్నవాడు, రెండు వారాలు తిరక్కుండానే ఒక ఆడపిల్ల కొంగు లాగుతాడా? ధారావాహికకు ఆ వారం ఏదో ఒక సరసం కావాలని లాగించినట్టుంది.

పెద్దావిడ గారికి ఒక్క మాట మనవి చేస్తాను. సరసం వద్దని నేను అనను. పదిహేనో వారంలో నాయిక అతని అరచేతిలో చిటికెడు పచ్చకర్పూరం పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూసి అది ఏ రేవు నుంచి వచ్చిందో చెప్పమంటుంది. అతను చెప్పలేక నవ్వుతాడు. ఇంటికి వెళ్లాక ఆమె చేతికి గుర్రపు చెమట వాసన, ఆ రాత్రి గుర్రానికి కర్పూరపు వాసన. ఎవరూ ఎవరి కొంగూ పట్టుకోలేదు, అయినా అంతకుమించిన సరసం ఈ నవలలో మరెక్కడా లేదు. విద్యార్థిని అభ్యంతరంలో న్యాయం ఉంది. అయితే దానికి సాక్ష్యం కాలేజీ గేటు దగ్గర కంటే ఆ తెల్లగుర్రం దగ్గరే ఎక్కువ ఉంది.

ప్రశ్న (నరసరావుపేట): కుమారగిరి అనగానే ఆయన రాజనర్తకి లకుమ గుర్తుకు రావాలి. ఆమె ఇందులో మూడు చోట్ల మాత్రమే, అదీ దూరంగా కనిపిస్తుంది. ఇంతకీ లకుమ నిజంగా ఉందా?

జవాబు: ఉంది. కాళిదాసు నాటకాలకు కాటయవేముడు రాసిన కుమారగిరిరాజీయ వ్యాఖ్యలో ఒక శ్లోకం ఆమెను పేరుపెట్టి చెప్తుంది. కుమారగిరి సభలో లకుమాదేవి వేయి విధాల కొత్త అభినయాలు చూపుతుందనీ, అర్థులకు వేలకొద్దీ ధనం ఇస్తుందనీ దాని సారాంశం. ఆమె కన్నీళ్లు, త్యాగం, మరణం గురించి మనం విన్నవి తరువాతి కవుల ఊహలు. ఆ ఊహలను మళ్లీ అరువు తెచ్చుకోకుండా లకుమను దూరం నుంచే చూపినందుకు రచయిత్రిని నేను మెచ్చుకున్నాను. కస్తూరి నూరేవాడి కూతురికి రాజనర్తకి అంత దూరంలోనే కనిపిస్తుంది కదా. అర్థులకు దానమిచ్చే చెయ్యిగా లకుమను చూపి ఉంటే బాగుండేదన్నది ఒక్కటే నా కొరత.

ప్రశ్న (ఉయ్యూరు): ఆరు నెలలు చదివించి చివరికి ఇద్దరినీ విడదీస్తారా? కృష్ణ దాటి గోదావరి దాకా వెళ్లడానికి ఆమెకు అడ్డేమిటి? ముగింపు చదివి మా ఇంట్లో ఇద్దరు అన్నం మానేశారు.

జవాబు: అన్నం మానేసినవారికి క్షమాపణలు. కానీ ఈ ముగింపు వైపే నేను నిలబడతాను. ఇప్పుడు రైలెక్కితే పూటలో చేరే ఊరు కనుక మనకు రాజమహేంద్రవరం దగ్గరనిపిస్తుంది. 1402 తరువాత కొండవీడు, రాజమహేంద్రవరం ఒకదానితో ఒకటి పడని రెండు రెడ్డి రాజ్యాలు. పెదకోమటి వేమునికీ కాటయవేమునికీ వైరం. కాటయవేముని రౌతుతో వెళ్లిపోయిన పిల్ల తండ్రిని కొండవీటి కొలువు కొట్టులో ఎవరు ఉండనిస్తారు? అసలు అడ్డం ఇంకా లోపల ఉంది. తండ్రికి వాసన తెలియడం ఆగిపోయి మూడేళ్లయింది. ఏ కర్పూరం మేలైనదో, దేనిలో కల్తీ ఉందో ఆయన పేరు మీద చూసి చెప్తున్నది కూతురే. ఆమె వెళ్లిన మర్నాడే ఆ సంగతి బయటపడుతుంది. ఈ ఎడబాటు ఆ రాజ్యాల చీలికలోంచీ ఆ కొట్టులోంచీ పుట్టింది, వేరే కాలంలోకి, వేరే ఊళ్లోకి మార్చి రాయలేం. పాతకాలం చీరలు కట్టించి ఈనాటి తగాదా పెట్టే నవలలు చాలా చదివాను కనుక ఇది నాకు విలువైనదిగా తోచింది.

మిరపకాయ కంటే పెద్ద తప్పు అని పైన అన్నది ఇక్కడే వస్తుంది. ఇరవై నాలుగో వారంలో రౌతు రమ్మని అడిగినప్పుడు నాయిక "నా జీవితం, నా ఇష్టం" అంటుంది. ఆ మాట ఆ పిల్లది కాదు. తండ్రి ముక్కు పనిచేయడం లేదన్న రహస్యం ప్రియుడికి కూడా చెప్పలేక గొంతులో పెట్టుకుని నిలబడిన మనిషికి అప్పుడు ఇష్టం అన్నదే లేదు. ఆమె ఏమీ అనకుండా కర్పూరపు డబ్బా మూత బిగించుకుంటూ కూర్చుని ఉంటే చాలు, పాఠకుడికి అన్నీ తెలుసు. మిరపకాయను మిరియంతో మార్చవచ్చు. ఈ వాక్యం తీయాలంటే ఆ వారమంతా మళ్లీ రాయాలి. పుస్తకంలో రాస్తానని రచయిత్రి మాట ఇచ్చారు.

ప్రశ్న (గుంటూరు, ఇంటర్ విద్యార్థి): నవల చదివాక కొండవీడు చూడాలని ఉంది. ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?

జవాబు: వానలు వెనకబట్టాక వెళ్లండి, కొండ మీద చెరువుల్లో నీళ్లుంటాయి. ఘాట్ రోడ్డు పడింది కనుక పైదాకా వాహనం పోతుంది, కాళ్లు ఉన్నంతవరకు కొంత నడిచి చూడండి. అప్పటికి సీతాఫలాల రోజులు కూడా వస్తాయి. నాయికకు దొరకని పండు మీకు బుట్టలకొద్దీ దొరుకుతుంది. బేరమాడి కొనండి.