వానలో వేటకు ఏ రైఫిల్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సియాటిల్ దగ్గర ఉంటున్నాం. హంటర్ ఎడ్యుకేషన్, లైసెన్సు అయ్యాయి. ఈసారి ఒలింపిక్ ద్వీపకల్పం పడమటి వైపు బ్లాక్‌టెయిల్ జింకకు, కుదిరితే ఎల్క్ అనే పెద్ద దుప్పికి వెళ్లాలని ఉంది. కొనేది ఒకే రైఫిల్. "స్టెయిన్‌లెస్ తీసుకోండి, తుప్పు గొడవే ఉండదు" అంటున్నాడు దుకాణదారు. ధర ఎక్కువే. నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే, కానీ ఆయన చెప్పిన కారణానికి కాదు. మీరు వెళ్లే వైపు, హో రెయిన్ ఫారెస్ట్ దగ్గర, ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన కురుస్తుంది. అంటే 3500 మిల్లీమీటర్లు. మన కోస్తాలో పడేదానికి మూడింతలు. పైగా అది ఒక్క జల్లు కురిసి తెరిపిచ్చే వాన కాదు, పొద్దస్తమానం ముసురు.

వంటింటి స్టీలూ తుపాకీ స్టీలూ ఒకటి కావు. మంచి కంచంలో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. బ్యారెళ్లకు, అంటే తుపాకీ గొట్టాలకు, ఎక్కువగా వాడే 416 రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 12 నుంచి 14 శాతమే, నికెల్ దాదాపు ఉండదు. లేతు మీద తేలిగ్గా తెగాలని గంధకం కలుపుతారు. గుంటలు పడడం మొదలయ్యేది ఆ గంధకం చేరిన చోట్లే. అయస్కాంతం పెట్టి చూడండి, బ్యారెల్‌కు టక్కున అతుక్కుంటుంది. క్రోమ్-మోలీ అనే మామూలు స్టీలు బ్యారెల్‌ను తడిగా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు పొడి కనిపించవచ్చు. స్టెయిన్‌లెస్ మరికొన్నాళ్లు ఓర్చుకుంటుంది. మీరు అదనంగా కట్టే డబ్బు ఆ ఓర్పుకే.

మామూలు స్టీలు మీద సెరాకోట్ పూత వేసినవీ దొరుకుతాయి. పైభాగానికి అది చక్కటి కాపు. అయితే గొట్టం లోపలికీ, తూటా కూర్చునే గది అయిన చాంబర్‌లోకీ ఆ పూత వెళ్లదు, ఆ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

అసలు వేట చెడేది తుప్పు వల్ల కన్నా స్టాక్ వల్ల, అంటే బ్యారెల్‌ను పట్టి ఉంచే పిడి భాగం వల్ల. వాల్‌నట్ చెక్క తడి పీల్చి ఉబ్బుతుంది, బ్యారెల్‌ను ఒక పక్కకు నొక్కుతుంది. ఇంటి దగ్గర సరిచూసుకున్న గురి మూడో రోజుకు పక్కకు జరుగుతుంది. అందుకని సింథటిక్ స్టాక్ గానీ, రెజిన్ పట్టించిన పొరల చెక్క, అంటే లామినేట్ గానీ తీసుకోండి. లామినేట్ బరువెక్కువ, కానీ కదలదు. సింథటిక్‌లో చవక అచ్చు ప్లాస్టిక్ అయితే ముందుభాగం వంగుతుంది. కౌంటర్ దగ్గరే తేల్చుకోవచ్చు: బ్యారెల్‌కూ స్టాక్‌కూ మధ్య ఒక డాలర్ నోటు దూర్చి చాంబర్ వైపు జరపండి. సాఫీగా వెళ్లాలి. తర్వాత స్టాక్ ముందుభాగాన్నీ బ్యారెల్‌నూ కలిపి గుప్పిట్లో నొక్కండి. రెండూ తగిలాయంటే ఆ తుపాకీ అక్కడే పెట్టేయండి.

ఇక చిన్న భాగాలు. డబ్బా మీద స్టెయిన్‌లెస్ అని ఉన్నా స్ప్రింగులు, ట్రిగ్గర్ ముక్కలు, స్కోపును (గురి చూసే దుర్బీను) పట్టే రింగుల స్క్రూలు, భుజానికి తగిలించే పట్టీ (స్లింగ్) కొక్కేలు చాలాసార్లు మామూలు స్టీలే. తుప్పు మొదట కనిపించేది స్క్రూ తలల్లోనే.

పేర్లు చెప్పమంటే: టిక్కా టీ3ఎక్స్ లైట్ స్టెయిన్‌లెస్, స్కోపు లేకుండా సుమారు మూడు కిలోలు, ధరకు తగ్గ గురి. వించెస్టర్ మోడల్ 70 ఎక్స్‌ట్రీమ్ వెదర్ అంతకంటే బరువు, ఖరీదు కూడా. కానీ స్టాక్ గట్టిది, తూటా అడుగంచును (రిమ్ము) మొదటినుంచీ పట్టుకునే వెడల్పాటి ఎక్స్‌ట్రాక్టర్, అంటే ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం, ఉంది. కొండెక్కడం ఎక్కువైతే మొదటిదే నా ఓటు. తూటా రకంలో .308 వించెస్టర్ జింకకూ ఎల్క్‌కూ సరిపోతుంది.

ప్రశ్న: బ్యారెల్‌లోకి నీళ్లు వెళ్తే పేలుతుందంటారు, నిజమా? సాయంత్రం క్యాబిన్‌లోకి రాగానే స్కోపు మసకబారుతోంది. ఏం చేయాలి?

జవాబు: గొట్టంలో ఏ అడ్డు ఉన్నా బ్యారెల్ ఉబ్బే, చీలే ప్రమాదం ఉంది. బురద, మంచు మరీ ప్రమాదం. వాన పడకుండా గొట్టం మూతికి ఒక పొర ఎలక్ట్రికల్ టేపు అంటించండి. తూటా కంటే ముందు దూసుకొచ్చే గాలే దాన్ని చింపేస్తుంది, గురి చెడదు. కింద పడ్డా, మూతి నేలకు తగిలినా తూటాలు తీసేసి, బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) లాగి, వెనక నుంచి గొట్టంలోకి చూడనిదే పేల్చొద్దు.

స్కోపు సంగతి మీకు తెలిసిందే. ఏసీ కారులోంచి విజయవాడ ఎండలోకి దిగితే కళ్లద్దాలకు ఏమవుతుందో అదే. నైట్రోజన్ నింపిన స్కోపుకు మసక బయటే పడుతుంది, ఆరిపోతుంది. లోపల పడితే సీలు పోయినట్టు, అది బాగుచేయించాల్సిందే. రైఫిల్‌ను పొయ్యి పక్కకు తేకుండా చల్లటి వసారాలోనే, తాళం వేసే చోట ఉంచడం మేలు.

రాత్రి తూటాలు తీశాక, చాంబర్ వైపు నుంచి గొట్టంలోకి రెండు మూడు పొడి గుడ్డ ముక్కలు (ప్యాచ్‌లు), తర్వాత పల్చగా నూనె రాసినది ఒకటి. మూతి కిందికి పెట్టి నిలబెడితే నూనె ట్రిగ్గర్‌లోకి జారదు. పొద్దున మళ్లీ ఒక పొడి ప్యాచ్, లేకపోతే మొదటి గుండు వేరే చోట పడుతుంది. బోల్ట్ లోపల నూనె దట్టిస్తే చలికి చిక్కబడి, తూటాను పేల్చే సూది (ఫైరింగ్ పిన్) మెల్లగా కొడుతుంది, తూటా పేలదు. డబ్ల్యూడీ-40 నీటిని తోసేయడానికి పుట్టిన సరుకు, దాని తర్వాత అసలు నూనె రాయాలి. స్టాక్‌ను అడవిలో విప్పకండి. ఇంటికొచ్చాక విప్పి ఆరబెట్టి, తయారీదారు చెప్పిన బిగువుకే (టార్క్) బిగించి, గురి మళ్లీ చూసుకోండి.

ప్రశ్న: కాకినాడలో మా తాతగారి లైసెన్సు .315 రైఫిల్ నాన్నగారి పేరుకు మారింది. తోలు సంచిలో దాచినా చిలుము పడుతోంది.

జవాబు: ఆ సంచే దొంగ. తోలు తేమ పీల్చి ఇనుముకు పట్టిస్తుంది. బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పెట్టిన తాళపు బీరువాలో నిలబెట్టండి. గింజలు రంగు మారగానే వేయించి మళ్లీ వాడొచ్చు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది కనుక ముట్టుకున్న ప్రతిసారీ తుడవాలి. స్టాక్ వెనక చివర (బట్) ప్లేటు కింద చెక్క పచ్చిగా ఉంటే అక్కడ వార్నిష్ పట్టించండి, తేమ ఎక్కువగా దూరేది అటునుంచే. గరుకు కాగితంతో రుద్దితే తుప్పును ఆపే నీలినలుపు పూత (బ్లూయింగ్) మొత్తం పోతుంది. గుంటలు పడి ఉంటే లైసెన్సున్న గన్‌స్మిత్‌కు చూపించకుండా పేల్చవద్దు. వేట మాట ఎత్తలేదు గనుక సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991లో దాని సవరణ వచ్చాక మన దగ్గర ఆ దారి మూసుకుపోయింది.