ముద్దుటుంగరంలో ముద్దెక్కడిది?

సందేహం: మా ఇంట్లో పాత ఉంగరం ఉంది. ఎర్రరాతిలో ఒక దొర ముఖం లోతుగా చెక్కి ఉంది. ముద్దుటుంగరం అంటే పిల్లలు నవ్వుతున్నారు. వాళ్లు కెంపుటుంగరమనీ ఫొటో ఉంగరమనీ అంటున్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: నవ్వవలసిన పనిలేదు. సంస్కృతంలోని ముద్ర ప్రాకృతంలో ముద్దా అయింది, ముద్రిక ముద్దిఆ అయింది. మన పల్లెల్లో వినపడే ‘ముద్దర’దీ ఆ వంశమే. ముద్దుటుంగరంలోని ముద్దు కూడా అక్కడిదేనని నా అభిప్రాయం. ‘ముద్దైన ఉంగరం’ అని విడదీసేవారూ ఉన్నారు. నిలువుటద్దంలాగా మధ్యలో ‘ట’ వచ్చి చేరే టుగాగమంతో అదీ కుదురుతుంది కాబట్టి గట్టిగా కాదనలేను. అయితే వాడుకలో దాని అర్థం ముద్రికే, అంటే ముద్ర వేసే ఉంగరమే.

మన కావ్యాల్లో ఉంగరం మీద ఉండేది పేరు. రాముడు హనుమంతుడికిచ్చినది ‘స్వనామాంకోపశోభితం’. కాళిదాసు దుష్యంతుడు శకుంతల వేలికి ఉంగరం తొడిగి, నా పేరులో రోజుకో అక్షరం లెక్కపెట్టుకో, అవి అయిపోయేసరికి నిన్ను తీసుకెళ్లే మనిషి వస్తాడంటాడు. ఎంత చక్కటి గడువు! ముఖాలు చెక్కించుకోవడం గ్రీకు, రోము దేశాలవారి మక్కువ. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలి ఇటుక కట్టడానికి తగిలితే, అక్కడ తవ్వగా దొరికిన కుండలో రోము చక్రవర్తులు ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫాస్టీనాల ముఖాలున్న బంగారు నాణేలు బయటపడ్డాయి. నాణెం మీద ముఖం ఉబ్బెత్తుగా రావాలంటే అచ్చులో లోతుగా చెక్కాలి. మీ రాయి అలాంటి అచ్చే.

రాతిని కాస్త తడిపి, పిల్లలాడుకునే మెత్తటి బంకమట్టి మీద మెల్లగా నొక్కండి. రాతిలో ఎడమకు చూసే ముఖం మట్టిలో కుడికి చూస్తూ ఉబ్బెత్తుగా పడుతుంది. అక్షరాలుంటే రాతి మీద తిరగబడి కనపడాలి. కాచిన లక్క మాత్రం వాడకండి. ఉంగరపు గూట్లో రాతిని లక్కతోనే కూర్చి ఉంటే ఆ వేడికి ఊడిపోతుంది. రాతి మీదే ముఖం ఉబ్బి ఉంటే అది కామియో. దాంతో ముద్ర వేయలేం, దాన్ని ముద్దుటుంగరం అనకూడదు.

ఎర్రగా ఉన్న ప్రతి రాతినీ కెంపు అనేయడం ఈ కాలపు బద్ధకం. పాత ముద్రికల్లో ఎక్కువగా కనపడేది అకీకు, అంటే కార్నీలియన్. సన్నటి పోగు గల రాయి గనక గీత చెదరదు, మైనం అంటుకోదు. కురువిందం అనే బాగా గట్టి ఖనిజం పొడిని నూనెతో కలిపి చిన్న చక్రాలతో అరగదీసి చెక్కేవారు. కెంపు ఆ కురువిందం జాతిదే, అకీకు కాదు.

చేత్తో చెక్కినదాన్ని ఫొటో అనడం నాకు బొత్తిగా నచ్చదు. ‘రూపు చెక్కిన ముద్దుటుంగరం’ అనండి. పేరున్నదే ముద్దుటుంగరమని ఎవరైనా పట్టుబడితే ‘రూపుముద్రిక’ అన్నా సరే.